లైన్‌పెట్టె మీది అంకె

హనుమకొండకు రైలు స్టేషను లేదు. ఒక ప్రక్క కాజీపేట, మరొక ప్రక్క వరంగల్లు నిలిచియుండ, నడుమనున్న ఈ పాత పట్టణమునకు రైలుకూత మాత్రము రాత్రివేళ గాలివాటున వచ్చి చేరుచుండును. ఈ ఊరివాడు రైలెక్కవలెనన్నను, రైలును గూర్చి నాలుగు మాటలు వ్రాయవలెనన్నను, ముందుగా ఆటో ఎక్కి కాజీపేటకు పోవలసినదే. నేనును పదునాలుగేండ్లుగా వీలు చిక్కినప్పుడెల్ల అట్లే పోవుచున్నాను. అందుకు కారణము మా ఇంట మంచము క్రింద నున్న ఒక ఇనుపపెట్టె.

మా తాత కాజీపేట లోకో షెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మనుగా బొగ్గు వేసి, డ్రైవరుగా కొలువు ముగించినవాడు. ఆ పెట్టె ఆయన లైన్‌బాక్సు. ఇంటిలో అందరును లైన్‌పెట్టె యందురు. డ్యూటీ పడిన డ్రైవరు వెంట అది ఇంజిను మీదికెక్కును, ఆయన దిగినప్పుడు తానును దిగును. దానిని మోయుటకు షెడ్డులో వేరుగా మనుషులుండెడివారు. మూతకు నల్లరంగు, దానిపై తెల్లని వ్రాత. పైపొరలో దక్షిణ మధ్య రైల్వేను తెలుపు అక్షరములు. అవి పెచ్చులూడిన చోట సెంట్రల్ రైల్వేవారి 'సి.ఆర్.', దానికిని అడుగున, కంటికంటె ముందుగా వ్రేలికే తెలియునట్లు, 'ఎన్.యస్.ఆర్.' అనగా నిజాం స్టేట్ రైల్వే. ఈ అక్షరముల దిగువన ఒక మూడంకెల సంఖ్య. ప్రతి దసరాకును ఆయుధపూజనాడు మా నాయనమ్మ ఆ సంఖ్యకు పసుపు కుంకుమలు పెట్టి, పాలపిట్టను చూచి వచ్చిన పిల్లలమైన మా చేత దానిపై జమ్మియాకు ఉంచించి, "మీ తాత ఇంజన్ నంబరు గిది, మొక్కుండ్రి" అనెడిది. మేము మ్రొక్కెడివారము.

ఆ ఇంజిను ఏ దేశమున పుట్టినది, ఎన్నడు ఈ నేలమీదికి దిగినది, తుదకు ఏ తుక్కుకుప్పలో కలిసినది అను ప్రశ్న తాత పోయిన చాల యేండ్లకుగాని నాకు కలుగలేదు. కలిగిన తరువాత మాత్రము విడువలేదు.

"మా తాత ఇంజిను" అను మాట కాజీపేటలో క్రొత్తది కాదు. సోమిడి త్రోవలోనైనను, ఫాతిమానగరములోనైనను, రైల్వే క్వార్టర్ల వరుసలలోనైనను ఒక పాత ఇంటి అరుగుమీద కూర్చుండి తీరికగా మాటాడినచో, కాఫీ చల్లారులోగా ఒక ఇంజిను ఆ సంభాషణలోనికి వచ్చి నిలుచును. వినువారికది గొప్పలు చెప్పుకొనుటగా తోపవచ్చునుగాని ఒక కాలమున ఆ మాటకు నిక్కమైన యర్థమే యుండెను. మెయిలు బండ్లకు పోవు ఇంజినులను ఫలానా డ్రైవరునకు, ఆయన ఫైర్‌మనులకు అప్పగించి యుంచు పద్ధతి పలు షెడ్డులలో నడచినది. కాగితముపై దాని యజమాని సర్కారే యైనను, దాని ఇత్తడిని చింతపండుతో తోమించువాడును, దాని దగ్గును విని జబ్బును పోల్చుకొనువాడును, సెలవునుండి తిరిగివచ్చి మరొకడు దానిపై చేయివేసెనని వినినచో రెండు దినములు మొగము ముడుచుకొని తిరుగువాడును ఆ డ్రైవరే. పిమ్మట, మనిషి నిద్రించునంతసేపు ఇంజినును ఊరక నిలుపుట దండుగ యని, ఏ డ్రైవరైనను ఏ ఇంజినునైనను తీసికొని పోవు ఏర్పాటు విస్తరించినది. లెక్కలవారి పక్షమున ఆలోచించినచో అది సబబే. కాని లెక్కలవారెవ్వరును ఇంజినునకు మారుపేరు పెట్టి పిలిచినట్లు నేను వినలేదు.

ఇక ఆ ఇంజినులు నడచిన బాటను గూర్చి కొంత చెప్పక తప్పదు. బొంబాయి-మద్రాసు మార్గముపైనున్న వాడి యను ఊరినుండి సికింద్రాబాదు వరకు నిజాం రాజ్యములోనికి రైలు 1874లో వచ్చినది. దానిని తూర్పునకు పొడిగించు సంకల్పము 1883లో పెను దుమారమును లేపెను. లండనులో ఒక కంపెనీని నిలుపుట, వారి పెట్టుబడికి ఏటేట నూటికి అయిదు చొప్పున వడ్డీ ముట్టునట్లు నిజాం ఖజానా పూచీపడుట అనునవి అందలి ప్రధానాంశములు. ఆ పూచీ వలననే సంస్థ పేరులో 'గ్యారంటీడ్' అను విశేషణము చేరి 'నిజాంస్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అయినది. ఈ బేరపు నిజానిజములను ప్రజలయెదుట పెట్టుడని నిలదీసినవారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడొకడు. ఆయనను ఆ సంవత్సరమే హైదరాబాదునుండి వెడలగొట్టిరి. చాందా రైల్వే ఆందోళన యని చరిత్రకారులు పేర్కొను ఆ ఘట్టమును మన పాఠ్యపుస్తకములు ఒక వాక్యముతో సరిపుచ్చుట నాకెన్నడును మింగుడుపడలేదు. పట్టాలు పడకముందే వాటి జమాఖర్చులడిగిన పండితుని కథ పిల్లలకు చెప్పదగినది కాదా?

అడిగినవారు పోయినను పట్టాలు ఆగలేదు. 1886లో అవి వరంగల్లు చేరినవి. 1889లో బెజవాడను ముట్టినవి. ఆ త్వరకు గల కారణములలో పెద్దది నల్లబంగారము. భూగర్భ పరిశోధకుడు విలియం కింగ్ 1871లోనే ఇల్లందు చెంత బొగ్గుపొరను గుర్తించియుండెను. భద్రాచలము పోవు యాత్రికులు అన్నము వండుకొనుటకు పొయ్యిరాళ్లుగా పెట్టిన నల్లరాళ్లే అంటుకొని మండిన వైనమును ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. డోర్నకల్లునుండి గనుల దిక్కునకు ఒక పాయ పోయినది. 1889లో త్రవ్వకము మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు స్థిరపడినది. అప్పటినుండి ఈ త్రోవలో ఇంజిను తినునదియు బొగ్గే, మోయునదియు బొగ్గే. ఎద్దు గడ్డిబండిని లాగుచు ఆ గడ్డినే మేయుచు పోవునట్టి ఈ ఏర్పాటులో కాజీపేట నడిమి మజిలీగా నిలిచెను. ఉత్తరమున బల్లార్షాను కలుపు మార్గము 1929 నాటికి పూర్తియై, ఢిల్లీ మద్రాసులకు నేరుగా త్రోవ తెరచుకొని, గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఈ మీదుగా పోవ నారంభించిన పిమ్మట, అంతకుముందు దర్గా ఉర్సువలన మాత్రమే పేరెన్నికగన్న ఆ గ్రామము జంక్షనై, షెడ్డై, మూడు షిఫ్టుల ఊరై పోయినది.

మా తాత ఆ షెడ్డులోనికి 1350 ఫసలీలో పోయెను. నిజాం రాజ్యపు పాత కాగితములు వెదకువారికి ఈ ఫసలీ మొదటి పరీక్ష; దానికి 590 కలిపినగాని మనకు తెలిసిన సంవత్సరము రాదు. నేను మొదట కలుపుట మరచి, మా తాతను పదునాలుగవ శతాబ్దమున కొలువు చేయించితిని.

శాసనములు చదువు అలవాటు హనుమకొండవారికి సహజము. వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుని శాసనము కలదు; కట్టించినదెవరు, ఏ వంశమువాడు, ఏ సంవత్సరము అను వివరములను ఆ రాయి తొట్రుపడక చెప్పును. ఆవిరి ఇంజినునకును అట్టి శాసనమొకటి యుండునని నాకు తెలిసినది ఈ వెదుకులాటలోనే. తయారుచేసినవారు దాని ప్రక్కను ఒక ఇత్తడి ఫలకమును బిగింతురు. అందు కర్మాగారపు పేరు, ఊరు, పుట్టిన సంవత్సరము, అన్నిటికంటె ముఖ్యముగా కర్మాగారమువారి వరుససంఖ్య ఉండును. 1853లో బొంబాయినుండి ఠాణాకు పోయిన మొదటి బండి ఇంజినులకు జన్మనిచ్చిన వల్కన్ ఫౌండ్రీ గాని, మాంచెస్టరులోని బేయర్ పీకాక్ గాని, మూడు పాత కంపెనీలు 1903లో ఏకమై గ్లాస్గోలో ఏర్పడిన నార్త్ బ్రిటిష్ కంపెనీ గాని, పోత పోసిన ప్రతి ఇంజినునకును ఒక సంఖ్యను ఇచ్చి, పుస్తకమున నమోదు చేసి, ఎవరికి పంపిరో వ్రాసి పెట్టినవి. నార్త్ బ్రిటిష్ వారి చిత్తుపటములును దస్తరములును గ్లాస్గోలోని మిచెల్ గ్రంథాలయమునను, అచ్చటి విశ్వవిద్యాలయమునను భద్రముగా నున్నవి. బేయర్ పీకాక్ వారివి మాంచెస్టరు మ్యూజియములో నున్నవి. ఓరుగల్లు ఎండలో నడచిన ఇంజినుల జాతకచక్రములు మంచుకురియు ఊళ్ల బీరువాలలో పడియుండుట చిత్రమే.

ఫలకము మీది సంఖ్య పుట్టుకతో వచ్చినది, అది మారదు. రైల్వేవారు క్యాబు ప్రక్కను వ్రాయించు సంఖ్య అట్టిది కాదు, అది అద్దెయింటి నంబరు. కంపెనీ చేతినుండి నిజాం ప్రభుత్వము 1930లో రైల్వేను కొనివేసినప్పుడు 'గ్యారంటీడ్' అను మాట రాలిపోయెను. 1951 నవంబరులో అది సెంట్రల్ రైల్వేలో లీనమయ్యెను. 1957 ప్రాంతమున దేశములోని ఇంజినులన్నిటికిని ఏకరీతి సంఖ్యలు ఇచ్చినప్పుడు చిన్న సంఖ్యలు చెరిపి, పాతవాటికి పెద్ద పెద్ద అంకెలు తగిలించిరి. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టెను. కాజీపేట షెడ్డులో ఒక పాత ఇంజిను అంగుళమైనను కదలక నిలిచియున్నను, ఒక మనిషి కొలువు కాలములో దానికి ఇన్నిమార్లు ఇంటిపేరు మారియుండును. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టగా, ఆ బస్సుల నంబరులో 'జడ్' అను అక్షరము నిజాం తల్లి జహ్రా బేగము జ్ఞాపకార్థమని ఊరూర చెప్పుకొని నేటివరకు మరువకున్నారు. బస్సు అక్షరమునకు దక్కిన ఆ భాగ్యము ఇంజిను అంకెలకు దక్కలేదు.

ఇంతదూరము తెలిసిన తరువాతనైనను నేనొక చిన్న సంగతిని గమనింపవలసియుండెను. గమనింపలేదు. అందులకు బదులు, సికింద్రాబాదు నేస్తమొకడు సంపాదించి ఇచ్చిన ఒక పాత జాబితాలో నిజాం రైల్వేకు పంపిన ఇంజినుల వరుసలో మా పెట్టె మీది మూడంకెల సంఖ్య కనబడగానే, దొరికినదని ఎగిరి గంతులు వేసితిని. దాని చక్రముల అమరికను అట్టమీద గీసి గోడకు తగిలించితిని. మనుమరాలికి దాని పుట్టినరోజు కూడ నేర్పితిని. ఆరు నెలలు నేను ఆ ఇంజినునకు మనుమడనై బ్రదికితిని.

మొదటి అనుమానము పెట్టెవలన గాక బాయిలరువలన కలిగెను. ఆవిరి ఇంజినును ఆసాంతము విప్పి మరమ్మతు చేయుటకు ఈ ప్రాంతమువారికి లాలాగూడ కార్ఖానా శరణ్యము. బాయిలరు బాగుచేయుటకు పట్టునంత కాలము మిగిలిన భాగములకు పట్టదు. అందువలన విప్పిన ఇంజినునకు దాని బాయిలరే తిరిగి వచ్చువరకు వేచియుండక, సిద్ధముగా నున్న మరొకదానిని ఎక్కించి పంపివేయుదురు. బాయిలరునకు వేరు సంఖ్య, వేరు రిజిస్టరు, వేరు ఆయుర్దాయము. చక్రములను కలుపు రాడ్లమీద ఇంజిను సంఖ్యను ఉలితో పొడిచియుంతురుగాని, తుక్కుకు పోవు ఇంజినునుండి మంచి రాడ్డును ఊడదీసి బ్రదికియున్నదానికి తగిలించుట పరిపాటి. నేడు ప్రదర్శనశాలలలో నిలిపిన ఇంజినుల చెంత మోకాళ్లపై వంగి చూచినచో ఒకే ఇంజిను ఒడలిపై రెండు మూడు సంఖ్యలు కానవచ్చును. స్వాతంత్ర్యానంతరము వచ్చిన రెండు పెద్ద జాతుల సంగతి మరియు చిత్రము. ప్రయాణికుల బండ్లకు డబ్ల్యూ.పి., గూడ్సునకు డబ్ల్యూ.జి.; రెంటికిని బాయిలరు ఒకటే నమూనా. నిన్న మెయిలును లాగిన ఆవిరిగుండె రేపు బొగ్గువ్యాగన్ల ముందు కొట్టుకొనవచ్చును. మరి దేనిని పట్టుకొని ఇది మా తాత ఇంజిను అందును?

ఆ డబ్ల్యూ.పి.ని చూచినవారు మరువలేరు. తుపాకిగుండువలె మునుముందుకు ఉబికిన మొగము, నుదుట ఎనిమిది మొనల వెండినక్షత్రము, మనిషి యెత్తున అయిదడుగుల ఏడంగుళముల చక్రములు. 1947లో అమెరికానుండి బాల్డ్విన్ కంపెనీవారి నమూనాలు పదునారు వచ్చినవి. తుదకు 755 అయినవి. డబ్ల్యూ.జి.లు 2,450. చిత్తరంజన్ కర్మాగారము 1950లో తొలిసారి తయారుచేసి 'దేశబంధు' అని పేరిడినదియు డబ్ల్యూ.జి.యే, 1970లో వెలువడిన కడపటి పెద్ద ఆవిరి ఇంజిను 'అంతిమ్ సితారా'యును అదియే. వీటి బాయిలరులో చదరపు అంగుళమునకు 210 పౌనుల ఒత్తిడి నిలుపవలెను. ముల్లు జారినచో డ్రైవరు నోరు తెరువడు, ఫైర్‌మను వైపు ఒక చూపు చూచును. ఆ చూపు నిప్పుకంటె వేడియని మా తాత చెప్పెడివాడు. ఎవడైనను బొగ్గు పారతో ఎత్తిపోయగలడు. ఫైర్‌బాక్సులో ముందుకు పలుచగా, వెనుకకు దళసరిగా, మంట తెల్లబడునట్లు, పొగ నల్లబడకుండునట్లు, కదలుచున్న పలకమీద నిలిచి విసరుట విద్య. కాల్‌బాయ్ నడిరేయి తలుపు తట్టి పుస్తకములో సంతకము తీసికొని పోయిన తరువాత, మా తాత చీకటిలో స్నానము చేసి, నాయనమ్మ కట్టియిచ్చిన జొన్నరొట్టెల మూటను ఆ పెట్టెలో పెట్టుట నా చిన్ననాటి జ్ఞాపకములలో మొట్టమొదటిది. మూత పడిన చప్పుడుతో నేను మేల్కొనెడివాడను; ఆయన మొగమును చూచినది తక్కువ.

1980ల దశకములో ఈ మార్గముపై విద్యుత్తీగలు పరచుకొన్నవి. దేశమున బ్రాడ్‌గేజి మీద కడపటి నిత్యపు ఆవిరి బండి 1995 డిసెంబరు 6న ఫిరోజ్‌పూరు-జలంధరు నడుమ నడచినది. కాజీపేటలో ఇప్పుడు డీజిలు షెడ్డు, ఎలక్ట్రిక్ షెడ్డు. 2023 జులైలో ప్రధానమంత్రి వచ్చి వ్యాగన్ల కర్మాగారమునకు శంకుస్థాపన చేసిన స్థలము ఆ చేరువనే. ఆవిరికాలపు మనుషులు మాత్రము ఏటికొకరుగా తగ్గిపోవుచున్నారు. వారిలో ఒక పెద్దాయన, మా తాతవద్ద ఫైర్‌మనుగా పనిచేసి తానును డ్రైవరై దిగినవాడు, ఇంకను కన్నును చెవియు బాగుగా నున్నవాడని తెలిసి, పోయిన చలికాలమున పెట్టెను ఆటోలో వేసికొని ఆయన ఇంటికి పోయితిని. నా గోడమీది చిత్రపటమును, జాబితా ప్రతిని కూడ తీసికొని పోయితిని. మెప్పు ఆశించితినని వేరుగా చెప్పనక్కరలేదు.

ఆయన జాబితాను ముట్టలేదు. పెట్టెను ఒడిలోనికి లాగికొని, మూతమీద అరచేతితో రెండుమార్లు నిమిరి, అంకెవద్ద వ్రేలు నిలిపెను.

"గిది ఇంజన్ నంబరని ఎవరన్నరు బిడ్డా?"

"మా నాయనమ్మ చెప్పేది, కాకా."

"ఇంజన్ నంబర్ గాదు. మనిషి నంబర్. మీ తాత టికెట్ నంబర్ గిది. షెడ్డుల రోల్ మీద ఎక్కినప్పటి సంది దిగేదాక మాకు గదే నంబర్. జీతం గా నంబర్ మీదనే, పిలుపు గా నంబర్ మీదనే." నా మొగము చూచి ఆయనకు జాలి కలిగినట్లున్నది, మరల తానే అనెను: "రైల్వే పేర్లు మూడుసార్లు మార్చి రాసిండ్రు గదా పెట్టె మీద. ఇంజన్ నంబరైతే అది గూడ మారకపోవునా? గిది మారిందా?"

మారలేదు. పొరపొరకును అదే అంకె. పదునాలుగేండ్లు నేను ఆ మూడు పొరలను చూచి, చూపి, పొగడి, దాని యర్థమును మాత్రము చదువలేదు. రాతి శాసనములు చదువు ఊరిలో పుట్టి రంగుపొరను చదువలేకపోతిని.

గోడమీది చిత్రపటమును మడిచి సంచిలో పెట్టుకొనుచు, మరి మా తాత ఇంజిను ఏదియని అడిగితిని. మెయిలు లింకులో ఆయనకు కొంతకాలము ఒక డబ్ల్యూ.పి.ని అప్పగించియుండవలెను గదా యని గుచ్చి గుచ్చి అడిగితిని.

ఆయన పండ్లు లేని నోటితో నవ్వెను. "మీ తాతకు ఒక్క ఇంజనా? ఎక్కిన ప్రతిదాన్ని నాదే అనేటోడు. దిగినంక తిట్టేటోడు. మల్ల ఎక్కితే మల్ల నాదే." ఇంత చెప్పి, గొళ్లెము తీయుమని సైగ చేసెను.

పెట్టె లోపల తగరపు రేకుతో చేసిన అరలు. మా ఇంట వాటిలో పాత కరెంటు బిల్లులు, ఊలుదారపు ఉండలు ఉండెడివి. బయలుదేరుటకు ముందు వాటిని తీసివేసితిని. ఖాళీ అరలను ఆయన ఒక్కొక్కటిగా వ్రేలితో చూపుచు పోయెను. పొడుగాటిదానిలో ఎర్రజెండా, పచ్చజెండా. ప్రక్కదానిలో, ముందు ప్రమాదమున్నదని పట్టాలమీద పెట్టి పేల్చు పటాకులు. గుడ్డ చుట్టి దాచు గేజిగ్లాసు, నీళ్లమట్టము చూపునది పగిలినచో మార్చుటకు. అడుగున స్పానర్లు. మూతలోపలి పట్టీకి రూల్‌బుక్కు. ప్రతి వస్తువును ఆయన ఉన్నదానినే తీసి చూపినట్లు రెండు వ్రేళ్లతో ఎత్తి, మరల అందే పెట్టుచుండెను. నేను చేతులు కట్టుకొని చూచుచుంటిని.

అన్నిటికంటె చిన్నదైన మూల అర మిగిలెను. అగ్గిపెట్టె యంతటిది. ఇంజిను సామానులో ఏ సున్నితమైన వస్తువునకో దానిని అంత జాగ్రత్తగా చేయించియుందురని నాకు చిరకాలముగా ఊహ. అదియేమని అడిగితిని.

"గది ఉప్పుకు," అనెను ఆయన. "ఏ రన్నింగ్ రూముల తిన్నా మీ తాతకు కూర సప్పగనే కొట్టేది."